తిరుగు టైము ముందు రాసుకోండి

ఆ శనివారం పన్నెండూ ముప్పావుకి నేను సైకిల్‌తో మొనాకసీ అక్విడక్టు మీద నిలబడి ఉన్నాను. ఏడు రాతి కమానుల మీద కాలువను నది దాటించిన కట్టడం అది. పి.గన్నవరంలో వైనతేయ మీదుగా కాలువ దాటడం చూసినవాళ్లకి దీన్ని వర్ణించి చెప్పక్కర్లేదు. కాళ్లు బాగానే ఉన్నాయి. పొద్దుటి నుంచి ఒక్క కారు ఎదురు రాలేదు, ఒక్క సిగ్నల్ దగ్గరా ఆగలేదు. అయితే నా కారు 32 మైళ్లు వెనక ఉంది. రెండు సీసాల్లోనూ నీళ్లు అయిపోయాయి. మా అమ్మాయి స్నేహితురాలి పుట్టినరోజు మూడింటికి. నేను కారు దగ్గరికి చేరేసరికి అయిదు దాటింది. కేకు ముక్క ఒకటి కాగితం ప్లేటులో నాకోసం దాచి ఉంచారు గానీ, దాన్ని ఎవరూ నాకు ప్రేమగా ఇవ్వలేదు.

వాషింగ్టన్ చుట్టుపక్కల హెర్న్‌డన్, యాష్‌బర్న్, స్టెర్లింగ్‌లలో ఉంటూ వారమంతా తెర ముందు కూర్చునే తెలుగువాళ్లు ఈమధ్య చాలామంది సైకిల్ ఎక్కుతున్నారు. శరదృతువులో వంద మైళ్ల రైడ్, అంటే 160 కిలోమీటర్ల ‘సెంచరీ’, ఒకటి చేయాలని పేర్లు నమోదు చేసుకుంటున్నారు. దానికి సాధన ఎక్కడ అని అడిగితే నేను పొటోమాక్ నది ఒడ్డు చూపిస్తాను. అయితే దారి చూపించే ముందే ఒక మాట చెప్తాను. కార్లు లేని నది దారిలో మనల్ని ఆపేది ఏదీ ఉండదు. ఊళ్లో తొక్కితే ఎర్ర లైటో, ఎత్తో, ఎండో, ఆకలేసినప్పుడు కనబడిన హోటలో మనల్ని ఆపి, ఇంకెంతదూరం అని అడుగుతుంది. ఇక్కడ ఆ అడిగే పని మనమే పెట్టుకోవాలి. అదీ ఇంటి దగ్గర, కాగితం మీద, ముందు రోజు రాత్రే.

దారి సంగతి కొంచెం. చెసపీక్ అండ్ ఒహాయో కాలువ జార్జ్‌టౌన్ నుంచి మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దాకా 184.5 మైళ్లు. 1828లో తవ్వడం మొదలుపెట్టి 1850కి కంబర్లాండ్ చేర్చారు. 1924 వరదల తర్వాత పడవలు ఆగిపోయాయి. మొత్తం 74 లాకులు. ధవళేశ్వరం లాకుల్లో పడవ నీటితోపాటు లేచి దిగడం చూసినవాళ్లకి లెక్క తెలుసు. ఒక్కో లాకూ కొన్ని అడుగుల ఎత్తు. అన్నీ కలిపినా 605 అడుగులే. పడవల్ని తాళ్లతో లాగిన కంచరగాడిదలు నడిచిన గట్టునే టోపాత్ అంటారు. ఇప్పుడు మనం తొక్కేది ఆ గట్టు మీదే. 1950లలో దాన్ని కార్లు తిరిగే పార్క్‌వేగా మార్చాలన్న ఆలోచన వచ్చింది. వాషింగ్టన్ పోస్ట్ కూడా సంపాదకీయంలో సమర్థించింది. సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్, రాసినవాళ్లు నాతో వచ్చి ఈ గట్టంతా నడిచి చూడండని సవాలు చేసి 1954లో నిజంగానే నడిచాడు. 1971లో అది జాతీయ చారిత్రక పార్కు అయింది. ఈ దారిన కార్లు రాకపోవడం వెనక ఒక పెద్దమనిషి కాళ్లనొప్పులు ఉన్నాయన్నమాట.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి? కాలువ సున్నా మైలు జార్జ్‌టౌన్‌లో ఉంది. అయితే శనివారం పొద్దున జార్జ్‌టౌన్‌లో పార్కింగ్ వెతకడం కన్నా వర్జీనియా వైపు నుంచి వంతెన దాటి కార్డ్‌రాక్‌కి వెళ్లడం మేలు. అది 10.5 మైలు దగ్గర. పార్కింగ్ ఉచితం, పగటిపూటకే. అక్కడినుంచి ఎగువకి వెళ్తే మజిలీలు వాటంతట అవే సాధన పట్టికలా కుదురుతాయి. వయొలెట్స్ లాక్ 22వ మైలు: రానూపోనూ 23 మైళ్లు. హార్స్‌పెన్ బ్రాంచ్ 26: రానూపోనూ 31. ఎడ్వర్డ్స్ ఫెర్రీ దాకా 41. వైట్స్ ఫెర్రీ దాకా 50. మొనాకసీ దాకా 63. పాయింట్ ఆఫ్ రాక్స్ దాకా 75.

అప్పటికే ఇరవై మైళ్లు ఇబ్బంది లేకుండా తొక్కగలిగినవాళ్లకి పది వారాలు చాలు. మొదటి మూడు వారాలు 23, 31, 41. నాలుగో వారం మళ్లీ 23కి దిగండి. ఈ దిగడం చాలామందికి నచ్చదు, బద్ధకం అనుకుంటారు. నిజానికి ఒంటికి కండ పట్టేది ఈ వారంలోనే. తర్వాత 50, 63, మళ్లీ 31, చివరికి 75. ఇవి ఎనిమిది. మిగిలిన రెండు వారాల్లో ఒకటి వానకి, ఒకటి అసలు రైడ్‌కి ముందు విశ్రాంతికి. అక్టోబరు రెండో శనివారం మీ సెంచరీ అయితే ఆగస్టు మొదటి శనివారం కార్డ్‌రాక్‌లో ఉండాలి. 75 తొక్కినవాడు వంద తొక్కగలడు. సాధనలోనే వంద తొక్కేసి ఒళ్లు హూనం చేసుకోనక్కర్లేదు. మోకాలు మూలిగిన వారం ముందుకి పోకండి, కిందటి వారం దూరమే మళ్లీ తొక్కండి. సుగర్‌కో బీపీకో మందులు వాడేవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడండి. ఇన్సులిన్, కొన్నిరకాల సుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకి అయిదారు గంటల రైడ్‌లో సుగర్ పడిపోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు గడియారం లెక్క. ఇందులో తొందరపడకండి.

తారు రోడ్డు మీద గంటకి 14 మైళ్లు తొక్కేవాళ్లు టోపాత్ మీద పదే వేసుకోవాలి. మట్టి, కంకర, చెట్ల వేళ్లు, గుంటలు. పైగా అక్కడ వేగ పరిమితే గంటకి 15 మైళ్లు. చదును దారి కదా సులువు అనుకుంటారు గానీ, చదును దారిలో దిగుడు ఉండదు. దిగుడు లేకపోతే పెడల్ ఆపి ఊపిరి పీల్చుకునే క్షణమూ ఉండదు. అయిదు గంటలు తొక్కితే అయిదు గంటలూ కాళ్లు తిరుగుతూనే ఉంటాయి, కూర్చున్నచోటే కూర్చుని ఉంటాం. అలుపు కాళ్లకన్నా ముందు సీటుకీ అరచేతులకీ తెలుస్తుంది. అందుకే ప్రతి అరగంటకీ ఒక నిమిషం లేచి నిలబడి తొక్కండి.

వైట్స్ ఫెర్రీ రైడ్‌నే తీసుకుందాం. ఇంట్లో ఒంటిగంటన్నర, రెండింటికల్లా ఉంటానని మాట ఇచ్చారు. అంటే కారు దగ్గర ఒంటిగంటకి ఉండాలి. పొద్దున ఏడింటికి మొదలైతే చేతిలో ఆరు గంటలు. దాన్ని సగానికి చీల్చి పదింటికి వెనక్కి తిరుగుదాం అనుకోవడమే నేను చేసిన తప్పు. వచ్చేటప్పుడు అలుపు ఉంటుంది. అంతకన్నా పెద్దది దారిలో గ్రేట్ ఫాల్స్ జలపాతం దగ్గర జనం. వెళ్లేటప్పుడు ఏడున్నరకి అక్కడ కొంగలు తప్ప ఎవరూ ఉండరు. పన్నెండింటికి తిరిగొచ్చేసరికి తోపుడు బళ్లలో పిల్లలు, తాళ్లకి కట్టిన కుక్కలు, ఫోటోలు దిగే పెళ్లివారు. అక్కడ మీరు సైకిలిస్టు కారు, అతిథి. గంట కొట్టి, నెమ్మదిగా, అవసరమైతే దిగి నడిచి పోవాలి. గంట లేని సైకిల్‌ని అక్కడికి తీసుకురావడానికే లేదు, అది పార్కు నియమం. కాబట్టి ఆరు గంటల్లో వెళ్లడానికి రెండు గంటల నలభై నిమిషాలు, రావడానికి మూడు గంటల ఇరవై. ఫోన్‌లో తొమ్మిదీ నలభైకి అలారం పెట్టండి. అది మోగినప్పుడు ఎక్కడుంటే అక్కడ వెనక్కి తిరగండి. ఫెర్రీ కనబడుతున్నా సరే. గంటకి పది మైళ్ల లెక్కన మీరు అప్పటికే వైట్స్ ఫెర్రీ చేరి పది నిమిషాలు కూర్చుని ఉంటారు. చేరలేదూ అంటే దారి తడిగా ఉందనో, మీకు ఆ రోజు బాగాలేదనో అర్థం. రెండింట్లో ఏదైనా సరే, ముందుకి పోవలసిన రోజు కాదు.

మొనాకసీ రోజు నేను బయలుదేరిందే తొమ్మిదీ పావుకి. తిరుగు టైము రాసుకుని ఉంటే ఎడ్వర్డ్స్ ఫెర్రీ దగ్గరే నా బండి వెనక్కి తిరిగేది.

వైట్స్ ఫెర్రీ పేరు చూసి, పడవ మీద నది దాటి లీస్‌బర్గ్ చేరి, అక్కడ డబ్ల్యూ అండ్ ఓడీ ట్రైల్ పట్టుకుని యాష్‌బర్న్ ఇంటికి వెళ్లిపోవచ్చని పథకం వేసేవాళ్లు ఇప్పటికీ కనబడుతుంటారు. పాత మ్యాపుల్లో ఆ చుట్టుదారి అందంగా ఉంటుంది. ఆ పడవ 2020 డిసెంబరు చివర, వర్జీనియా ఒడ్డున దిగే స్థలం మీద కోర్టు తగాదాతో ఆగిపోయింది. తిరుగుతోందని మీ అంతట మీరు నిర్ధారించుకోనిదే దాన్ని నమ్ముకుని బయలుదేరకండి. వంతెనలకోసం చూస్తే, కార్డ్‌రాక్ దాటాక సైకిల్‌తో అవతలి ఒడ్డు చేరే దారి పాయింట్ ఆఫ్ రాక్స్ దాకా లేదు. నదికి అడ్డదారులు ఉండవు. వెళ్లిన దారే వచ్చే దారి.

తిండి విషయంలోనూ ఇదే లెక్క. 55వ మైలు దగ్గర బ్రన్స్‌విక్ ఊరు వచ్చేదాకా దారి పక్కన దుకాణం ఉండదనుకునే సర్దుకోండి. మధ్యలో ఏదైనా తెరిచి ఉంటే అది మీ అదృష్టం. హైకర్-బైకర్ క్యాంపుల దగ్గర చేతిపంపులు ఉన్నాయి: హార్స్‌పెన్ దగ్గర, 34వ మైలు దాటాక టర్టిల్ రన్ దగ్గర, 38 దాటాక మార్బుల్ క్వారీ దగ్గర. నీళ్లలో అయొడిన్ వాసన ఉంటుంది, తాగొచ్చు. చలికాలంలో నవంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఆ పంపులు పనిచెయ్యవు. మిగతా కాలంలోనూ ఒక్క పంపునే నమ్ముకోకండి. రెండు పంపుల మధ్య దూరానికి సరిపడా నీళ్లు ఎప్పుడూ సీసాలో ఉండాలి. ఆగస్టు ఉక్కలో గంటకి ముప్పావు లీటరు తేలిగ్గా పోతుంది. ఒక సీసాలో ఉప్పు, నిమ్మరసం, పంచదార కలపండి.

గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలని సైకిల్ శిక్షకులు చెప్తారు. దానికోసం ఖరీదైన జెల్ పొట్లాలు కొనాలని లేదు. ఒక కప్పు అన్నంలో 45 గ్రాముల దాకా ఉంటుంది. నా మట్టుకు నేను పులిహోర తీసుకెళ్తాను. ఉప్పు, పులుపు, అన్నం, ఎండకి తొందరగా పాడవదు. ఒక్కటే, నూనె తగ్గించి, పల్లీలు తక్కువ వేసి చెయ్యాలి. పోపు దండిగా వేసిన పులిహోర తిని గట్టు మీద తొక్కితే పది మైళ్ల దాకా ఆ నూనె గొంతులోనే తిరుగుతుంది. రెండో గంట నుంచి అరటిపండు, ఖర్జూరం, నువ్వుండ. ఆకలేసినప్పుడు కాదు, గడియారం చూసి, ప్రతి నలభై నిమిషాలకీ. ఆకలేసిందంటే అప్పటికే ఆలస్యం అయింది. పెరుగన్నం మాత్రం కారులో ఐస్ డబ్బాలో ఉంచండి. తిరిగొచ్చాక దానికి మించింది లేదు.

సైకిల్ గురించి రెండు మాటలు చాలు. 35 మిల్లీమీటర్ల పైన వెడల్పున్న టైర్లు, గంట, ముందు లైటు, రెండు ట్యూబులు, పంపు. ఆ పంపు మీ వాల్వుకి పట్టేదో కాదో ఇంట్లో ఒకసారి గాలి కొట్టి చూసుకోండి. నేను ఒకసారి సన్నటి ప్రెస్టా వాల్వు చక్రం పెట్టుకుని, లావు వాల్వుకి మాత్రమే పట్టే పంపు మోసుకెళ్లాను. పెన్నీఫీల్డ్ లాక్ దగ్గర ఒక రిటైర్డ్ పెద్దాయన తన పంపు ఇచ్చి, నేను గాలి కొడుతున్నంతసేపూ ఏమీ అనకుండా నదికేసి చూస్తూ నిలబడ్డారు.

వాన పడితే రెండు రోజులు టోపాత్ జోలికి వెళ్లకండి. బురదలో వేగం ఆరుకి పడిపోతుంది. మీ చక్రాల గాడి ఎండాక మిగతావాళ్లకి గుంట అవుతుంది. నది పొంగితే పార్కువాళ్లు కొన్ని ముక్కలు మూసేస్తారు. శుక్రవారం రాత్రి నేషనల్ పార్క్ సర్వీస్ వారి హెచ్చరికల పేజీ చూడటం అలవాటు చేసుకోండి. అలాంటి వారం మౌంట్ వెర్నన్ ట్రైల్ ఉంది. అదీ పొటోమాక్ ఒడ్డే, తారు దారి, రూజ్‌వెల్ట్ దీవి నుంచి జార్జ్ వాషింగ్టన్ ఇంటి దాకా దాదాపు 18 మైళ్లు. విమానాశ్రయం పక్కనుంచి పోతుంది, విమానాలు నెత్తిమీదే దిగుతాయి. తడిసిన చెక్క వంతెనల మీద మలుపు తిప్పేటప్పుడు జాగ్రత్త. చివరి మైలు ఎక్కుడు. వారం మధ్యలో రెండు సాయంత్రాలు ముప్పావుగంట తొక్కడానికి ఇంటి పక్కన డబ్ల్యూ అండ్ ఓడీ చాలు. అక్కడ రోడ్లు దాటాలి గనక పూర్తిగా కార్లు లేని దారి కాదు. ప్రతి క్రాసింగ్‌లోనూ కాలు నేల మీద పెట్టండి. అలిసిపోతే మెట్రో ఉంది. 2022 నవంబరు నుంచి సిల్వర్ లైన్ యాష్‌బర్న్ దాకా వస్తోంది, అన్ని వేళల్లోనూ సైకిల్ ఎక్కించనిస్తారు. టోపాత్ మీద ఆ సదుపాయం లేదు.

హైదరాబాద్‌లో ఉండి ఇది చదివేవాళ్లకి నది ఒడ్డు దారి లేకపోయినా, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. అక్కడ కొంచెం దూరంలోనే అటూ ఇటూ తిరగొచ్చు గనక కారు ఎప్పుడూ దగ్గరే. దూరం భయం లేదు. ఏ తిండి పడుతుందో, ఏ సీటు గుచ్చుతుందో తేల్చుకోవడానికి అంతకన్నా మంచిచోటు లేదు.

ఉద్యోగం సంగతి చివరికి మిగిల్చాను గానీ, పథకం అక్కడే తప్పుతుంది. పెద్ద రైడ్ శనివారమే పెట్టుకోండి, ఆదివారం వద్దు. మనలో సగంమంది హైదరాబాద్ టీములతో పనిచేస్తున్నాం. వేసవి గడియారం ప్రకారం ఆదివారం రాత్రి పదకొండున్నరకి అక్కడ సోమవారం పొద్దున తొమ్మిది. ఆరు గంటలు తొక్కి వచ్చి, పిల్లల హోంవర్కు ముగించి, రాత్రి కాల్‌లో కూర్చుంటే సోమవారం మీటింగులో మీ మాట మీకే వినబడదు. శుక్రవారం రాత్రి అయితే అక్కడ శనివారం తెల్లవారుతుంటుంది, మామూలు కాల్ ఉండదు. అయితే శుక్రవారం రాత్రి రిలీజ్ ఉన్న వారం రైడ్ రద్దు. నాలుగు గంటల నిద్రతో సైకిల్ ఎక్కకూడదు, దానికన్నా ముందు కార్డ్‌రాక్ దాకా కారు నడపకూడదు. ఆన్‌కాల్ వారం కూడా వద్దు. నది ఒడ్డున కొన్నిచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, లాప్‌టాప్ వీపున మోసుకుంటూ తొక్కేది సాధనా కాదు, ఉద్యోగమూ కాదు. ఆ పది వారాల్లో మీ ఆన్‌కాల్ ఎప్పుడో, రిలీజులు ఎప్పుడో ముందే చూసి, చిన్న రైడ్‌లు ఆ వారాల్లో పడేలా పట్టికను జరుపుకోండి. 63, 75 తొక్కే శనివారాలు ఇంట్లో వాళ్లతో కూర్చుని, క్యాలెండర్‌లో అందరికీ కనబడేలా రాయండి. ఆ రెండు రోజులు ఇచ్చినందుకు బదులుగా ఏ రెండు రోజులు మీరు పిల్లల్ని చూసుకుంటారో పక్కనే రాయండి.

బయలుదేరేముందు ఇంట్లో ఎవరికైనా మూడు విషయాలు మెసేజ్ పెట్టండి: కారు ఎక్కడ పెట్టారు, ఏ మైలు దాకా వెళ్తున్నారు, ఏ టైముకి వెనక్కి తిరుగుతారు. గట్టు పొడుగునా మైలురాళ్లు ఉన్నాయి. దాటిన రాయి నంబరు గుర్తుపెట్టుకుంటూ ఉండండి. పడిపోయి 911కి ఫోన్ చేయవలసివస్తే అక్కడ మీ చిరునామా ఆ నంబరే, వేరే వీధి పేరు ఉండదు.

ఈ శనివారం వాన లేకపోతే వయొలెట్స్ లాక్ దాకా వెళ్లి రండి. రానూపోనూ 23 మైళ్లు. ఏడింటికి మొదలుపెడితే పదిన్నరకల్లా ఇంట్లో ఉంటారు. టిఫిన్ ఇంకా వేడిగానే ఉంటుంది.